నల్ల క్యానులో ఏం పోశారు?

బల్ల మీద పట్టేసిన గడ్డి మిషను, మెట్ల మీద మొండికేసి కూర్చున్న తోటమాలి, గల్లాపెట్టె వెనక మా బావగారు. పోయినవారం మనం వదిలేసి వెళ్ళినప్పుడు ఎవరు ఎక్కడున్నారో ఇప్పటికీ అక్కడే ఉన్నారు. కొత్తగా వచ్చినవాళ్ళుంటే వాళ్ళకోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను, పాతవాళ్ళు విసుక్కోకండి.

కొట్టు మా మామగారు పెట్టింది. గడ్డి మిషన్లు, చెట్లు కోసే రంపాలు, మందు కొట్టే పంపులు, ఇలా చిన్న ఇంజనున్న ప్రతిదీ బాగుచేస్తాం. మామగారు పోయాక ముందుగదిలో బేరాలు బావగారివి, వెనక షెడ్డులో రెంచీ నాది. మా ఆయన బయట తిరిగి జనరేటర్లకి సర్వీసు చేసి వస్తాడు. స్కూలు మైదానంలో గడ్డి కోసే తోటమాలి మిషను పని మధ్యలో ఠక్కున ఆగిపోయింది. తాడు లాగితే రాలేదు. ఇంజను విప్పకుండానే, కనీసం దాని మొహమైనా చూడకుండానే, "ఉత్త పెట్రోలు పోసి తగలేశాడండీ" అని బావగారు ఫోనులో స్కూలు మేనేజరుకి తీర్పు చెప్పేశారు. ఆ మాట పట్టుకుని మేనేజరు తోటమాలిని పనిలోంచి తీసేశాడు. పనితో పాటే గేటు పక్క గది కూడా పోతుంది. ఆయనా, ఆయన భార్యా ఉండేది ఆ గదిలోనే. సామాను అప్పుడే గేటు బయట పెట్టించారట. "విప్పి చూడకుండా చెప్పిన మాట నేనొప్పుకోను" అని తోటమాలి గోల చేస్తే, సరే రేపు మధ్యాహ్నం నేనే వచ్చి వింటానన్నాడు మేనేజరు.

ఇదీ కథ. ఇక ఈ వారం కంపు మొదలవుతుంది. ముక్కు మూసుకోండి.

ప్లగ్గు ఊడదీసి, ఆ కంతలో నూనె పోసి, ఇంజన్ని నిన్ననే నానబెట్టి ఉంచాను. పొద్దున షెడ్డు తలుపు తీశానో లేదో మెట్ల మీంచి గొంతు లేచింది.

"ఏమమ్మాయ్, విప్పుతావా? లేక మీ బావగారిలాగా నువ్వు కూడా దాని జాతకం దూరం నుంచే చెప్పేస్తావా?"

"ఆ మెట్లకి అతుక్కుపోయారేంటి మీరు? లోపలికొచ్చి కళ్ళారా చూడండి. తర్వాత నా మీద పడి ఏడవకండి."

"ఏడ్చేదెవరో చూద్దాం" అంటూ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఈ మనిషి మంచివాడేమో నాకు తెలీదు గానీ నోరు మాత్రం మంచిది కాదు. నేను రెంచీ తీస్తే "ఆ సైజు కాదేమో" అంటాడు. సైజు సరిగ్గా పడితే "ఆఁ, పర్లేదు" అంటాడు. ఇలాంటి మనిషి కోసం నేను పొద్దున్నే నడుము విరగ్గొట్టుకుంటున్నాను.

ఇంజను పక్కనుండే చక్రం నట్టుకి రెంచీ వేసి మెల్లగా అటూ ఇటూ కదిపి చూశాను. నానిన ఇంజను చాలాసార్లు ఇక్కడే ఓ చిన్న మూలుగు మూలిగి వదులవుతుంది. ఇది వెంట్రుకవాసి కూడా కదల్లేదు. సరే, నీ సంగతి ఇలా కాదనుకుని సైలెన్సరు ఊడదీశాను.

థూ!

పొగ బయటికి పోయే కంత మొత్తం పూడుకుపోయి ఉంది. నల్లటి జిగురు. వేలు పెడితే వేలితో పాటే సాగింది. కాలిన రబ్బరూ, మాడిన నూనే, ఎన్నాళ్ళో కడగని మురిక్కాలవా కలిస్తే వచ్చే కంపు. నేను ఈ షెడ్డులో గ్రీజు మధ్య బతికేదాన్ని. తలకి రాసుకునే నూనె కంటే ఇంజను నూనె వాసనే నాకెక్కువ అలవాటు. అలాంటి నేనే మొహం పక్కకి తిప్పుకున్నాను.

"ఛీ ఛీ ఛీ! లోపల ఎలకేమన్నా చచ్చిందా?" తోటమాలి కండువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"ఎలక చస్తే ఇంతకంటే మంచి వాసనే వస్తుంది."

బోల్టులు తీసి, చెక్క సుత్తితో చుట్టూ తట్టి తట్టి, సిలిండరు పైకి లాగాను. వచ్చింది, పంటి కింద రాయి నలిగినట్టు చప్పుడు చేస్తూ వచ్చింది. పిస్టను పక్కల నిలువునా గీతలు. దాని రింగు గాడిలో పాతిపెట్టినట్టు ఇరుక్కుపోయింది. పైనంతా నల్లటి పెచ్చు, పెచ్చు కింద మళ్ళీ జిగురు. గుడ్డతో తుడిస్తే గుడ్డ పాడైంది తప్ప పిస్టను బాగుపడలేదు.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. ఈ చిన్న ఇంజన్లకి నూనె పోయడానికి వేరే చోటు ఉండదు. పెట్రోల్లోనే దానికంటూ ఉన్న నూనె కలిపి పోయాలి. ఉత్త పెట్రోలు పోస్తే లోపల లోహం లోహంతో రాసుకుని, కాలి, పట్టేస్తుంది. అలా చచ్చిన ఇంజన్లు నేను బోలెడు విప్పాను. లోపల పొడిగా ఉంటాయి. గీతలు పడ్డా పిస్టను తెల్లగా మెరుస్తూ ఉంటుంది. జిగురనేది ఉండదు, ఉండటానికి నూనే లేదు కదా. ఇది అలా లేదు. ఇది నూనె లేక చచ్చింది కాదు. ఏదో తినకూడనిది తిని చచ్చింది.

ట్యాంకులో మిగిలింది ఓ మూతలోకి వంచాను. టీ డికాక్షను రంగు. తెల్లకాగితం మీద ఓ చుక్క వేసి ఎండలో పెట్టాను. ఇది మామగారు నేర్పిన పద్ధతి. ఉత్త పెట్రోలైతే ఎగిరిపోయి మరకే మిగలదు. మంచి నూనె కలిపిందైతే అద్దంలాంటి శుభ్రమైన మరక మిగులుతుంది. మా కాగితం మీద నల్లటి మచ్చ మిగిలింది. మచ్చని వేళ్ళ మధ్య రుద్దితే సన్నటి ఇసకలా గరగరలాడింది. ఇసక కాదది. ఇనప రజను.

అప్పుడు ఆ కంపు ఎక్కడిదో నాకు గుర్తొచ్చింది. నెలల తరబడి జనరేటర్లలో తిరిగి తిరిగి, సత్తువ చచ్చి, సర్వీసులో బయటికి వంపేస్తారు చూడండి, ఆ మాడునూనె. దాన్ని పారబోయడానికే చేతులు రావు, అంత రోతగా ఉంటుంది.

"ఏవండీ, దీంట్లో పెట్రోలు ఎక్కడిది పోశారు?"

"ఎక్కడిదేంటమ్మాయ్, మీ కొట్లోదే!" సంచిలోంచి మా నల్ల క్యాను తీసి ఠపీమని బల్ల మీద పెట్టాడు. అడుగున ఇంకా కాస్త ఉంది. "మీ బావగారే చేత్తో ఇచ్చారు. కలిపి పెట్టిందే, తీసుకెళ్ళి పోసుకోవడమే అన్నారు."

క్యానులోంచి ఓ చుక్క, అదే కాగితం మీద, పక్కనే. అది ఎండేదాకా ఇద్దరం కాగితం మీదికే వంగి చూశాం. రెండు మచ్చలూ కవలపిల్లల్లా ఉన్నాయి.

"నేను ఉత్త పెట్రోలు పోశానా?" అన్నాడు తోటమాలి. ఈసారి గొంతు పెద్దగా లేవలేదు. "మా ఆవిడ నిన్నట్నుంచి గేటు బయట పరుపుచుట్ట మీద కూర్చుని ఉందమ్మాయ్. పిల్లలు గేట్లోంచి వస్తూ పోతూ చూస్తున్నారు."

నాకు తల కొట్టేసినట్టయింది. మామగారి రోజుల్లో పెట్రోలూ నూనే కొనేవాడి ఎదురుగానే కలిపేవారు. గాజుసీసాలో పోసి, వెలుతురుకి ఎత్తి, "చూసుకో బాబూ, లేత ఆకుపచ్చ" అని చూపించి గానీ చేతికిచ్చేవారు కాదు. సీసా ఎత్తకుండా ఇస్తే అది మా కొట్టు సరుకు కాదని జనానికి తెలుసు. బావగారొచ్చాక సీసాలు పోయి నల్ల క్యాన్లు వచ్చాయి. "వెలుతురు తగిలితే పెట్రోలు పాడవుతుందమ్మా" అన్నారు. నేను తల ఊపాను. పెట్రోలు పాడవకుండా ఉండటానికి కాదు, కంట పడకుండా ఉండటానికని నాకేం తెలుసు?

కాగితం పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళాను. బావగారు లవంగం నములుతూ గల్లాబల్ల తుడుస్తున్నారు. ఆయనకి శుభ్రం ఎక్కువ. గోళ్ళు తెల్లగా, చొక్కా ఇస్త్రీ నలగకుండా, జేబులో సెంటు రుమాలు. ఆ సెంటు వాసన కూడా ఇవాళ నాకు వెగటు పుట్టించింది.

"బావగారూ, క్యాన్లలో ఏం కలుపుతున్నారు?"

"ఏం కలుపుతాం, నూనె."

"ఏం నూనె?"

ఆయన కాగితం చూశారు. నా చేతులు చూశారు. గుమ్మంలో నిలబడ్డ తోటమాలిని చూశారు. గొంతులో తేనె పోసుకుని, "కొంచెం ఇలా పక్కకి రామ్మా" అన్నారు.

"పక్కకెందుకు? ఇక్కడే చెప్పండి."

"నూనె నూనే కదమ్మా. అంత పెద్ద జనరేటర్లకి పనికొచ్చింది, ఇంతోటి గడ్డి మిషనుకి పనికిరాదా? ఊరికే పారబోసేదాన్ని పనికొచ్చేలా చేశాం. అందులోనూ శుభ్రంగా వడగట్టే పోస్తాం, అలా పోసెయ్యం."

శుభ్రంగానట! వింటున్నారా? ఒకడు కక్కిన కూడు తెచ్చి, ఉడుకునీళ్ళతో కడిగాను తినమన్నట్టుంది.

"ఇంజన్లో ఇనప రజనుంది బావగారూ! పిస్టను చెక్కేసింది. రింగు పాతుకుపోయింది. ఆయన మిషను చంపింది మన క్యాను. తెలిసి తెలిసి మేనేజరుకి ఆయన పేరు చెప్పారా?"

"గట్టిగా అరవకు. వీధిలోకి వినబడుతుంది." రుమాలుతో మూతి అద్దుకున్నారు. "చూడమ్మా, మేనేజరు వస్తాడు. నువ్వు రెంచీ పట్టినదానివి, నీ మాట నమ్ముతాడు. ఉత్త పెట్రోలే అని ఒక్క మాట అను. అంతే. అతనిదేముంది, ఇవాళ ఇక్కడ, రేపు ఇంకోచోట. గడ్డి లేని ఊరుందా? ఎక్కడో అక్కడ కోసుకుంటాడు. మనం అలా కాదు కదా, కొట్టు మూసుకోలేం కదా?"

నిమ్మకు నీరెత్తినట్టు చెప్పాడా మాట. అవును, చెప్పాడనే రాస్తాను. ఈ ఒక్క ముక్కకీ గారూ గీరూ నా కలం రాయదు. ఆ తోటమాలి గేటు బయట పరుపుచుట్ట మీద భార్యని కూర్చోబెట్టి వచ్చాడు. వీళ్ళు లవంగం నములుతున్నారు. నాకు కోపం కూడా రాలేదు, ఉత్త అసహ్యం. చేతులకంటిన జిగురు కడిగితే పోతుంది, ఈ మాట చెవులకంటింది ఎలా పోతుంది?

"అడ్డమైన గడ్డీ తిన్నారు, ఇప్పుడు నన్ను కూడా తినమంటున్నారు" అన్నాను. "వినండి. ఈ పని చేసినవాళ్ళెవరైనా సరే, మేనేజరు ముందు నా నోటితోనే పేరు చెబుతాను. తోటమాలిగారూ, మీరే సాక్షి."

"ఎవరైనా సరేనా?" అన్నారు బావగారు, అదోలా.

"ఎవరైనా సరే!"

ఆయన మళ్ళీ బల్ల తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఆ తుడుపు చూస్తే నాకు అప్పుడు ఒళ్ళు మండింది. దేంతో వడగట్టారో, ఎక్కడ కలిపారో, ఆ సరంజామా మొత్తం మేనేజరు ముందు పెట్టాలనుకున్నాను. షెడ్డు వెనక, గోడకీ ప్రహరీకీ మధ్య సందులో పాత సామాను మీద టార్పాలిన్ కప్పి ఉంటుంది. తుక్కంటే నాకు పడదు గనక అటు వెళ్ళను. వెళ్ళి లాగాను.

పీపా. పీపా మీద గరాటు. గరాటు మూతికి తీగచుట్టి కట్టిన గుడ్డ. గుడ్డ మధ్యలో గుంటపడి, ఆ గుంటలో ముద్దలా నల్లటి మడ్డి. మడ్డిలో చచ్చిన ఈగలు, రెక్కలు, ఓ బొద్దింక కాలు. పెట్రోలు పోసుకునే జనం నోట్లో ఇదే పోస్తే తాగుతారా? పట్టకారుతో తీగ తెంపి, గుడ్డ అంచు పట్టి ఎత్తాను. అది జారుతూ విడింది. రెండు భుజాలు, మెడ. బనియను!

ఆహా! ఎండ ఎక్కితే చొక్కా తీసి బనియనుతో గల్లా ముందు కూర్చునే మహానుభావుడు మా ఇంట్లో ఒక్కరే. సెంటు రుమాలు ఒంటికీ, చెమట బనియను జనం ఇంజన్లకీ! మా ఆయన రానీ, అన్నగారి ఘనకార్యం చూపిస్తాను అనుకున్నాను. పాపం ఆయన తాగిన గ్లాసు కూడా వెంటనే కడిగి బోర్లించే మనిషి. ఇది చూస్తే అన్నం మానేస్తాడు.

పట్టకారుకి బనియను వేలాడేసుకుని ముందుగదిలోకి వచ్చేసరికి మేనేజరు దిగాడు. మెరిసే బూట్లు. నేల మీది నూనె మరకలు తప్పించుకుంటూ, కాళ్ళు ఎత్తెత్తి వేస్తూ వచ్చి, కుర్చీ అంచున కూర్చున్నాడు.

"నాకు ఎక్కువ టైం లేదమ్మా. ఒక్క ముక్కలో చెప్పండి, ఇతను ఉత్త పెట్రోలు పోశాడా లేదా?"

"లేదు. ఆయన తప్పు ఇందులో ఆవగింజంత లేదు." పిస్టను ముందు పెట్టాను. కాగితం పెట్టాను. క్యాను పెట్టాను. ఒక్కోటీ ఏంటో చెప్పాను. మా కొట్టు సరుకే ఇంజన్ని చంపిందని కూడా చెప్పాను, నోరు తడబడకుండా చెప్పాను. మేనేజరు పిస్టను దగ్గరికి మొహం పెట్టి, వాసన తగలగానే వెనక్కి లాక్కున్నాడు. ఫోను తీసి, "ఆ సామాను మళ్ళీ గదిలో పెట్టించండి. ఆఁ, ఇప్పుడే" అన్నాడు.

తోటమాలి గోడకి చేరగిలబడి పోయాడు. కండువాతో మొహమంతా తుడుచుకున్నాడు.

"మరి ఇదెవరు చేశారు?" అన్నాడు మేనేజరు. "మా స్కూలు మిషన్లన్నిట్లోనూ మీ క్యానే పోస్తున్నాం. పేరు చెప్పండి. లేదంటే మీ కొట్లో అందరికీ తెలిసే జరిగిందనుకుంటాను, మీతో సహా."

"చెబుతాను. ఈ మాడునూనె వడగట్టింది దీంట్లో." బనియను తెచ్చి బావగారి ముందు, ఆయన తుడిచి తుడిచి మెరిపించిన బల్ల మీద, పచ్చి పేడముద్ద పడేసినట్టు పడేశాను. "ఈ బనియను ఎవరిదో, ఆ మనిషే."

బావగారు కుర్చీ వెనక్కి జరుపుకున్నారు, మరక తగలకుండా. భయపడలేదు. నా వైపు చూసిన చూపులో జాలి ఉంది. ఆ జాలే నాకు అన్నిటికంటే రోతగా తోచింది.

"నాది కాదమ్మా" అన్నారు. "కుడి భుజం దగ్గర తుడిచి చూడు. నీ కుట్టు నువ్వే గుర్తుపట్టలేదా?"

పెట్రోలు గుడ్డ తీసుకుని కుడి భుజం తుడిచాను. నలుపు కరిగింది. దాని కింద దారం బయటపడింది. ఎర్ర దారం. తెల్ల దారం కనబడక, పండక్కి కట్టిన తోరణంలా ఉందని ఇంటిల్లిపాదీ నవ్వుతుంటే, నేనే కూర్చుని వేసిన అడ్డదిడ్డం కుట్లు. తొడుక్కుని అద్దంలో చూసుకుని, "బాగుందిలే, తప్పిపోయినా దొరుకుతాను" అని మా ఆయన నవ్విన నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

జనరేటర్ల నూనె వంపేది ఎవరు? ఊరంతా తిరిగి వంపేది ఎవరు? పొద్దున్నుంచీ ఆ కంపులో తల పెట్టుకుని కూర్చున్నానే, ఈ చిన్న ప్రశ్న నాకెందుకు తట్టలేదు?

గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. మేనేజరు నా మొహంలోకి చూస్తున్నాడు. సాక్షిగా ఉండమన్నానే, ఆ తోటమాలి కూడా చూస్తున్నాడు. అప్పుడు షెడ్డు వెనక మోటారుసైకిలు ఆగింది. సందులో డబ్బా కింద పెట్టిన చప్పుడు, అందులో నూనె బరువుగా కదిలిన చప్పుడు వినబడ్డాయి. ఆ వెనకే హుషారుగా ఓ గొంతు.

"అన్నయ్యా! ఇవాళ డబ్బా నిండా దొరికింది! ఇక్కడ గరాటుకి కట్టిన గుడ్డేదీ, ఎవరు తీశారు?"

మేనేజరు కుర్చీలోంచి లేచి, వెనక తలుపు వైపు చూసి, నా వైపు తిరిగాడు.

"ఎవరమ్మా ఆయన?"